ఏటి ఒడ్డే మెరక

2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. సెకనుకు మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్ల పైమాటే. అంత వరద వచ్చినా, ఒడ్డునే ఉన్న కృష్ణలంక పేట, వరదను ఆపే రిటైనింగ్ వాల్ పుణ్యమా అని చాలామటుకు గట్టెక్కింది. మునిగింది మాత్రం నదికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, మధ్యలో రైలు పట్టాలు, కాలవలు, సగం ఊరు అడ్డున్న సింగ్‌నగర్. అక్కడ రోజుల తరబడి నీళ్లు తీయలేదు. ‘పక్కనే కృష్ణ ఉందిగా, అందులోకి వదిలేయొచ్చుగా’ అన్నవాళ్లు అప్పట్లో చాలామందే. నీరు పల్లమెరుగు అంటారు. బెజవాడలో ఆ పల్లం నది వైపు లేదు.

నది లోయ అట్టడుగున పారుతుందని మనందరి లెక్క. బ్యారేజీకి ఎగువన ఆ లెక్క సరిపోతుంది. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్య సందులో 1,223 మీటర్ల బ్యారేజీ. తూర్పు కనుమల తాలూకు ఈ గట్టి రాయి రెండు పక్కలా ఆనుగా దొరికింది కాబట్టే 1850లలో ఆనకట్ట ఇక్కడ కట్టారు, 1957లో బ్యారేజీ కూడా ఇక్కడే వచ్చింది. ఏదో ఒక రోజు కృష్ణమ్మ దుర్గమ్మ ముక్కుపుడక అందుకుంటుందని పెద్దవాళ్లు చెప్పే మాట ఉంది. ఊరు మునగడానికి నీళ్లు అంత ఎత్తుకు లేవనక్కర్లేదని సింగ్‌నగర్ వాళ్లకు తెలుసు.

సందు దాటితే డెల్టా మొదలు. అక్కణ్నుంచి లెక్క తిరగబడుతుంది. వేల ఏళ్లుగా వరద వచ్చినప్పుడల్లా నది ఒడ్డు పొర్లేది. పొర్లిన నీటికి ఒడ్డు దాటగానే వేగం పడిపోతుంది. వేగం తగ్గితే ముందు బరువైన ఇసుక, ముతక ఒండ్రు అక్కడికక్కడే మేట వేస్తాయి. సన్నటి బంకమన్ను మాత్రం నీళ్లతో పాటు దూరం పోయి, నిలవ నీటిలో మెల్లగా దిగుతుంది. వరద మీద వరద వచ్చేకొద్దీ ఒడ్డు మెరకవుతుంది, నదికి దూరమయ్యేకొద్దీ నేల వాలిపోతుంది. మనిషి కరకట్ట కట్టకముందే నది తన గట్టు తాను కట్టుకుందన్నమాట. కృష్ణ మెరకకూ గోదావరి మెరకకూ నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు.

కాలవలు తవ్విన ఇంజనీర్లు దీన్ని బాగా వాడుకున్నారు. మెరక మీద కాలవ నడిపితే, పంపు అక్కర్లేకుండా నీళ్లు వాటంతటవే పొలాల్లోకి దిగుతాయి. డెల్టా వ్యవసాయం చాలామటుకు ఈ కొద్దిపాటి వాలు మీదే నడుస్తోంది.

సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వాగుకు వచ్చిన చిక్కూ అదే. మైలవరం వైపు కొండల నీళ్లు మోసుకొచ్చి, ఊరికి ఉత్తరంగా ఆ పల్లంలోంచి కొల్లేరుకు పోవడం దాని సహజమైన దారి. ఊరిని కాపాడాలని వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, డైవర్షన్ కాలవతో దాన్ని బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. కృష్ణ తక్కువగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. రెండింటికీ ఒకేసారి వరదొస్తే నది మట్టం కాలవ మట్టాన్ని మించి, నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. 2024లో డైవర్షన్ కాలవ కట్టకు గండ్లు పడ్డాయి. బుడమేరు తన పాత దారి వెతుక్కుంది. ఆ దారిలో ఇప్పుడు సింగ్‌నగర్ లాంటి కాలనీలున్నాయి.

అవతలి ఒడ్డున కొండవీటి వాగుదీ ఇదే కథ. కృష్ణ నిండుగా ఉంటే అందులో కలవలేదు. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర పంపులు పెట్టి, వాగు నీళ్లను నదిలోకి ఎత్తిపోసే పథకం మొదలుపెట్టారు. ఏరులో వాగు కలవడానికి కరెంటు కావాల్సి వచ్చింది!

ఇక నిట్టనిలువుగా నిలబడిన ఒడ్డు సంగతి. రాతి కట్టడం లేని చోట, వరద తీశాక చూడండి. పైన మట్టి గోడలా నిలిచి ఉంటుంది, గడ్డి వేళ్లు అంచు నుంచి గాల్లోకి వేలాడుతుంటాయి, కింద ఇసుక పొర లోపలికి తొలిచి ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు పై మట్టి పెళ్లగా ఊడిపడుతుంది. వరద ఉధృతంగా ఉన్నప్పుడే ఒడ్డు కూలుతుందని అనుకుంటాం కానీ, తీసేటప్పుడు కూడా అంతే ప్రమాదం. వరదలో మట్టి నానుతుంది, బరువెక్కుతుంది. అయినా బయటి నీరు దాన్ని ఆనుకుని ఆపుతుంటుంది. మట్టం గబగబా పడిపోతే ఆ ఆనిక పోతుంది, లోపలి నీరు మాత్రం అంత తొందరగా బయటికి రాదు. వరద పోయిందని ధీమాగా అంచుకు వెళ్లి నిలబడటం అందుకే మంచిది కాదు.

కొండల మీద ఇళ్లకు వేరే టెన్షన్. ఇక్కడి ఖోండలైటు రాయి ఎండావానలకు నెమ్మదిగా శిథిలమవుతుంది. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం సుద్దగా మారుతుంది, పగుళ్లలోకి వాననీరు దిగుతుంది. ఇళ్ల కోసం కొండ పాదం తొలిచేస్తే పైభాగానికి ఆధారం ఉండదు. సింగ్‌నగర్ మునగడానికి ఒక్కరోజు ముందు, ఆగస్టు 31న, అదే వానకు మొగల్రాజపురంలో చరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి.

సర్వే ఆఫ్ ఇండియా మామూలు మ్యాపుల్లో ఎత్తు గీతలు సాధారణంగా 20 మీటర్లకొకటి. బెజవాడ కొండల మీద అవి ఒత్తుగా ఉంటాయి. ఏటి మెరకకూ దాని వెనక పల్లానికీ తేడా కొన్ని మీటర్లే కాబట్టి రెండు గీతల మధ్య అదంతా ఖాళీగా కనిపిస్తుంది. స్థలం కొనేటప్పుడు మనం చూసే దస్తావేజులోనూ నాలుగు హద్దులు, గజాలు ఉంటాయి తప్ప, ఆ నేల ఎంత ఎత్తులో ఉందో రాసి ఉండదు.