ఒకే అలయన్స్ విమానాలైతే చాలా? అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళంలో విమాన టికెట్లు బుక్ చేయడం నా పని. పిల్లల్ని పై చదువులకు పంపే తల్లిదండ్రులు చాలామంది ‘స్టార్ అలయన్స్’ అనే విమాన కంపెనీల కూటమి మాట పట్టుకుని వస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: “రెండూ ఒకే గ్రూపు విమానాలే కదా బాబూ, విడివిడిగా కొన్నా వాళ్లే చూసుకుంటారు.”

వాస్తవం: చూసుకోరు. మనకు అండగా ఉండేది ఒకే టికెట్, అలయన్స్ కాదు. విశాఖ నుంచి ఢిల్లీకి ఎయిరిండియా, అక్కణ్నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా అనుకోండి. రెండూ స్టార్ అలయన్సే. ఒకే టికెట్ అయితే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా వేరే విమానంలో పంపే బాధ్యత వాళ్లది. విడిగా కొంటే లుఫ్తాన్సా లెక్కలో మీరు రాలేదంతే, డబ్బు పోయినట్టే. ఇదే పరాయి దేశంలో జరిగితే ఇంకా కష్టం. బ్యాగు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దానికి ఆ దేశపు వీసా అడగొచ్చు. నాలుగు వేలు మిగులుతాయని పిల్లల్ని ఇలా పంపకండి, దయచేసి.

పీఎన్ఆర్‌లు వేరుగా కనిపిస్తే కంగారొద్దు. ఒకే టికెట్‌లో కూడా ఒక్కో కంపెనీకి ఒక్కోటి ఉండొచ్చు. 13 అంకెల టికెట్ నంబరు చూడండి. ఎయిరిండియా ఇచ్చినదైతే 098తో మొదలవుతుంది. విశాఖ నుంచి దిగే ఊరి దాకా అదే నంబరుందా లేదా అన్నదే ముఖ్యం.

అపోహ: ఆమదాలవలసలో రైలెక్కి వెళ్లి, విశాఖ నుంచి కొన్న విమాన టికెట్‌తోనే ఢిల్లీలో విమానం ఎక్కొచ్చు.

వాస్తవం: మొదటి విమానం ఎక్కకపోతే మిగతాదంతా, తిరుగు ప్రయాణంతో సహా, సాధారణంగా రద్దవుతుంది. ముందే చెప్పి టికెట్ మార్పించుకోవాలి.

అపోహ: అలయన్స్ అంటే చౌక.

వాస్తవం: కూటమిలో చేరినంత మాత్రాన ఛార్జీలు కలిసి నిర్ణయించే హక్కు రాదు. లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ కెనడా అట్లాంటిక్ రూట్లలో అలా చేస్తున్నాయంటే, ప్రభుత్వాల అనుమతి విడిగా తీసుకున్నాయి. విమానం మారి వెళ్లేవాళ్లకి దీనివల్ల తరచు ధర తగ్గుతుంది. ఆ కంపెనీలే ఒకదానితో ఒకటి పోటీ పడాల్సిన, నేరుగా వెళ్లే రూట్లలో మాత్రం తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి.

అపోహ: గల్ఫ్‌కి కూడా అలయన్స్ చూసుకోవాలి.

వాస్తవం: ఎమిరేట్స్, ఎతిహాద్, కువైట్ ఎయిర్‌వేస్ ఏ కూటమిలోనూ లేవు. ఖతార్ ఎయిర్‌వేస్ మాత్రం 2013 నుంచి వన్‌వరల్డ్ అనే మరో కూటమిలో ఉంది. సోంపేట, కంచిలి నుంచి వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు బ్యాగు బరువెంత ఇస్తారో చూసుకుంటే చాలు.

అపోహ: ఒకే టికెట్ అయితే బ్యాగు చివరి ఊళ్లోనే ముట్టుకోవాలి.

వాస్తవం: అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే సాధారణంగా బ్యాగు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. ఇమిగ్రేషన్ వరుస కూడా అక్కడే. అందుకే అక్కడ మూడు గంటలకు తక్కువ విరామం ఉన్న టికెట్ పిల్లలకు నేను ఇవ్వను.