అవ్వ గొంతు బావిలోంచి ఎందుకొచ్చింది?

కడపలో డిగ్రీ చదివే పిల్లలు నలుగురు పది నిమిషాల సినిమా తీశారు. ఎడిటింగ్ చేసేటప్పుడు పక్కన కూర్చున్నాను. బొమ్మ ముచ్చటగా ఉంది. అవ్వ "అన్నం తింటివా నాయనా?" అని అడిగితే మాత్రం బావిలోంచి పలికినట్టుంది. ఫోను మైకు బాగాలేదేమో అన్నారు పిల్లలు. నేను నేల వైపు చూపించాను.

ఆ ఇంట్లో పరిచినవి మన కడప బండలే. నున్నటి రాయి తన మీద పడ్డ శబ్దాన్ని దాదాపు మొత్తం వెనక్కి కొడుతుంది. గోడలూ, పైకప్పూ అంతే. మూడు మీటర్ల అవతలున్న ఫోనును అవ్వ మాట నేరుగా ఒకసారి చేరింది. ఆ వెంటనే బండలకీ గోడలకీ తగిలి మళ్లీ మళ్లీ చేరింది. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో తిరుగాడే ప్రతిధ్వని ఏ మూలనైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. దూరం పోయేకొద్దీ మాట సన్నగిల్లి గది మిగులుతుంది. మర్నాడు ఇంకో ఫోనును అవ్వ ముందున్న చేట చాటున పెట్టి, నేల మీద రెండు బొంతలు పరిచాం. పాతచీరల పొరల్లో చిక్కిన గాలి ఒరుసుకుని శబ్దం అణిగిపోతుంది. అవ్వ గొంతు అవ్వ గొంతులా వచ్చింది.

ఆ గొంతును బొమ్మతో కలపాలి కదా, అందుకే షాటు మొదట్లో చప్పట్లు కొట్టించాం. చేతులు కలిసిన ఫ్రేము మీద ఆ చప్పుడును పెడితే రెండూ కలుస్తాయి. సెకనుకు 24 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. శబ్దం పెదాల కన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, తేడా తెలుస్తుంది. వెనకొస్తే 125 మిల్లీసెకన్ల దాకా మనకు తెలియదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క. ఎర్రగుంట్ల వైపు క్వారీలో పేలుడు చూసినవాళ్లకు ఇది వింతేం కాదు. కిలోమీటరు దూరం నుంచి చూస్తే ముందు దుమ్ము లేస్తుంది, మూడు సెకన్ల తర్వాత చప్పుడు వినబడుతుంది. శబ్దం ఆలస్యంగా రావడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే.

పిల్లల్ని ఎక్కువ ఏడిపించింది ఫ్యాను. మే నెల ఉక్కకు ఒక షాటులో తిప్పారు, ఒక షాటులో ఆపారు. ఎడిటింగ్‌లో ఒక షాటు నుంచి ఇంకో షాటుకు కోత పడ్డ ప్రతిచోటా గుయ్యిమనే శబ్దం ఠక్కున తెగింది. కళ్లు సెకనుకు మూడుసార్లు చూపు మారుస్తాయి, మధ్యమధ్య రెప్పలు మూస్తాయి. అందుకే బొమ్మ గెంతినా మెదడు సర్దుకుంటుంది. చెవికి రెప్పలు లేవు. ఎడతెగకుండా వినబడేది ఉన్నట్టుండి ఆగితే ఉలిక్కిపడుతుంది. ఫ్యాను ఆపి, అందరం కదలకుండా, ఖాళీ గదిని అర నిమిషం రికార్డు చేశాం. దీన్ని రూమ్ టోన్ అంటారు. ఫ్యాను తిరిగిన షాటులో మాటల్ని మళ్లీ చెప్పించి, సీను పొడవునా ఈ అర నిమిషాన్నే అడుగున పరిచాం. కోతలు అక్కడే ఉన్నాయి, కనబడటం మానేశాయి.

చివరి సీనులో కొడుకు బస్సు దిగుతాడు. బస్సు కనబడ్డాకే హారన్ రావాలని ఒకడు పట్టుబట్టాడు. రెండు సెకన్లు ముందుకు జరిపి చూడమన్నాను. అవ్వ ముఖం ఇంకా తెర మీద ఉండగానే హారన్ మోగింది, తర్వాత బస్సు వచ్చింది. దీన్ని జె కట్ అంటారు. నిజానికి ఆ షాటులో అవ్వ తల తిప్పింది కెమెరా వెనక ఏదో అడుగుతున్న మనవరాలి వైపు. చూసినవాళ్లంతా మాత్రం, హారన్ వినగానే అవ్వ కళ్లు ఎలా మెరిశాయో చూడండి అన్నారు.