ఒకే ఆటకు ఒక స్టారూ, అయిదు స్టార్లూ

2014 నవంబరులో ‘మాన్యుమెంట్ వ్యాలీ’ అనే పజిల్ గేమ్‌కు కొత్త లెవల్స్ వచ్చాయి. కంటిని బోల్తా కొట్టించే మెట్లు, గోపురాల మీదుగా ఒక రాకుమారిని నడిపించే ఆట అది. ఆ ఏప్రిల్‌లో విడుదలైనప్పుడు జనం నెత్తిన పెట్టుకున్నారు. కొత్త భాగానికి రెండు డాలర్ల ధర పెట్టేసరికి మాత్రం ఒక స్టార్ రివ్యూలు వరసగా పడ్డాయి. బొమ్మల అందం తగ్గలేదు, పజిల్స్ చెడలేదు. ఆ లెవల్స్ ఎలా ఉన్నాయన్నది వాళ్లకసలు ప్రశ్నే కాదు. ఒకసారి డబ్బిచ్చి కొన్నాక మళ్లీ అడగడమేమిటన్నదే వాళ్ల బాధ.

సగటు రేటింగ్‌తో వచ్చే చిక్కంతా ఇదే. వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులను కూడి భాగిస్తే తేలిన అంకె అది. పైగా ఓ మోస్తరుగా నచ్చినవాళ్లు రివ్యూ రాసే శ్రమ తీసుకోరు. మురిసిపోయినవాళ్లో, ఒళ్లు మండినవాళ్లో రాస్తారు. నా మట్టుకు నేను మూడు స్టార్లవే ముందు చదువుతాను, ఆట గురించి నాలుగు ముక్కలు దొరికేది అక్కడే.

ఆటగాళ్లను రకాలుగా విడదీయడం అనగానే రిచర్డ్ బార్టిల్ పేరు వస్తుంది. ‘మడ్’ అనే తొలితరం ఆన్‌లైన్ ఆటను తయారుచేసిన ఇద్దరిలో ఆయన ఒకరు. సాధించేవారు, అన్వేషించేవారు, నలుగురితో కలవడానికి వచ్చేవారు, ఎదుటివారిని దెబ్బతీసేవారు అంటూ 1996లో నాలుగు రకాలు చెప్పారు. అది పదిమంది కలిసి తిరిగే ఊహాలోకాల లెక్క. ఫోన్ మీద ఒంటరిగా రంగులు జతచేసేవాళ్లకు అచ్చంగా అతకదు. దెబ్బ తీద్దామన్నా అక్కడ ఎవరున్నారు? సాధకులు, అన్వేషకులు మాత్రం ఇక్కడా ఉంటారు. వాళ్లకు తోడు ఇంకో గుంపు ఉంది: గెలుపోటముల గొడవ లేకుండా బుర్రకు కాస్త విరామం కోసం వచ్చేవారు.

ఒకే రంగువి మూడు కలిపే ఆటలో ఓ లెవల్ చూద్దాం. పగలాల్సిన గళ్లు రెండు, మిగిలిన మూవ్ ఒకటి. జరిపారు. ఒక గడి పగిలింది, రెండోది ఉండిపోయింది. ఇంకో అయిదు మూవ్స్ కొనుక్కుంటారా అని తెర అడుగుతోంది.

సాధకుడికి పళ్లు నూరుకోవాలనిపిస్తుంది, వెంటనే మళ్లీ ఆడాలనీ అనిపిస్తుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో క్యాండీ క్రష్ ఆటగాళ్లలో ఇదే గమనించారు. అందినట్టే అంది జారిపోయిన ఓటమి మామూలు ఓటమి కన్నా ఎక్కువ చిరాకు పెట్టింది, ఆట కొనసాగించాలన్న తహతహనూ ఎక్కువ రేపింది. అందుకే కాబోలు, ఒక స్టార్ ఇచ్చి తిట్టినవాళ్ల ఫోన్‌లో కూడా ఆ ఆట అలాగే ఉంటుంది.

అన్వేషకుడికి ఓడిపోవడంతో పేచీ లేదు. పైనుంచి రాలే ముక్కల రంగు ముందు తెలియదు గనక, ఓడింది తన ఆలోచనా, అదృష్టమా అన్నది తేలాలి. తమాషా ఏమిటంటే, లెక్క ప్రకారం ఈ ఆటలు తేలికేమీ కాదు. క్యాండీ క్రష్ ‘ఎన్‌పీ-హార్డ్’ కోవలోని సమస్య అని 2014లో కంప్యూటర్ శాస్త్రవేత్త టోబీ వాల్ష్ నిరూపించారు. అంటే బోర్డు ఎంత పెద్దదైనా సరైన ఎత్తుల వరసను చకచకా వెతికిపెట్టే పద్ధతి ఇంతవరకు ఎవరికీ తెలియదు. అయినా “ఇందులో బుర్ర పెట్టేదేముంది” అని రాసేది ఈ అన్వేషకులే. ఆట కష్టంగా ఉంటే వాళ్లకు చాలదు, ఆ కష్టం ఆలోచనకు లొంగాలి.

విరామానికి వచ్చిన మనిషికి ఆ ఓటమి నిమిషంలో మరుపున పడుతుంది. దాని వెనకే వచ్చి, మూసే గుర్తు ఎక్కడుందో కనపడనివ్వని యాడ్ మాత్రం గుర్తుంటుంది. ఈ రకం రివ్యూల్లో లెవల్ ఊసే ఉండదు.

గళ్లలో అంకెల పలకలను జరిపి, జతచేసి పెద్ద సంఖ్యలు చేసే ఆట ‘త్రీస్’. 2014లోనే వచ్చిన దాన్ని రూపకర్తలు 14 నెలలు చెక్కారు. అదే బాటలో గాబ్రియెలే చిరుల్లి అనే 19 ఏళ్ల ఇటలీ కుర్రాడు ఒక్క వారాంతంలో ‘2048’ చేసి ఉచితంగా వదిలాడు. అది ఇట్టే లొంగిపోతుందని త్రీస్ రూపకర్తలు విమర్శించారు, అన్వేషకులు తలూపారు. పెద్ద సంఖ్యను ఒక మూలన కదలకుండా నిలుపుకోవడం తెలిస్తే 2048లో సగం పని అయిపోతుందన్నది నిజమే. విరామం కోసం ఆడేవాళ్లు మాత్రం సరిగ్గా ఆ లొంగుబాటుకే అయిదు స్టార్లు ఇస్తారు.