పిల్లలు కావాలంటే లక్షలు కావాలా? అపోహలు – వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ. ఏ ఊరి నుంచి వచ్చినా పిల్లల కోసం తిరిగే మన తెలుగు జంట చేతిలో ఒక లావుపాటి ఫైలు ఉంటుంది. విశాఖలో తీసిన స్కానింగు, భువనేశ్వర్‌లో తీసిన స్కానింగు, మళ్లీ శ్రీకాకుళంలో అదే స్కానింగు. ఎంత తిరగేసినా దొరకని కాగితం ఒకటే, భర్త వీర్యపరీక్ష. అప్పటికి ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్లిపోయి ఉంటుంది. ఈ ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో గైనకాలజిస్టుగా పనిచేస్తూ నేను చూసినంతలో, పరీక్షల వరుస తప్పడం వల్లే ఎక్కువ డబ్బు పోతోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: పెళ్లయి ఆరు నెలలైంది, ఇంకా నెల తప్పలేదు. ఏదో లోపం ఉంది.

వాస్తవం: ఏ అడ్డూ వాడకుండా కలిసి ఉంటే ఏడాదిలోపు నూటికి దాదాపు 85 జంటలకు గర్భం వస్తుంది. భార్య వయసు 35 లోపు ఉంటే ఏడాది ఆగవచ్చు. 35 దాటితే ఆరు నెలలు చాలు, ఆపైన ఆలస్యం వద్దు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తున్నా, గతంలో టీబీ వచ్చినా, ట్యూబులో (అండం గర్భసంచిలోకి వచ్చే గొట్టంలో) గర్భం నిలిచి ఆపరేషన్ అయినా ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి రండి.

అపోహ: ఆయన సూరత్ నుంచి ఏడాదికి రెండుసార్లు వస్తూనే ఉన్నాడు. అయినా కడుపు పండలేదంటే వైద్యం చేయించాల్సిందే.

వాస్తవం: ఇది గంజాం జిల్లాకు ప్రత్యేకమైన సమస్య. ఇక్కడి మగవాళ్లు వేలల్లో సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. పెళ్లయి నాలుగేళ్లంటారు. కలిసి ఉన్న రోజులు లెక్కపెడితే నాలుగు నెలలు కూడా తేలవు. ఏడాది ప్రయత్నం అన్నప్పుడు మేము లెక్కవేసేది కలిసి ఉన్న నెలలనే. ఇలాంటి జంటకు సంతానలేమి అని పేరు పెట్టడమే తొందరపాటు.

గర్భం నిలిచే అవకాశం నెలలో ఆరు రోజులే ఉంటుంది. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. వచ్చే నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అంటే 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకు 14వ రోజు దగ్గర, 32 రోజులకోసారి వచ్చేవాళ్లకు 18వ రోజు దగ్గర. రజ పండక్కో, ఠాకురాణి యాత్రకో పది రోజుల సెలవు మీద వచ్చినప్పుడు భార్య బయట చేరితే ఆ ప్రయాణం ఈ విషయంలో వృథా అయినట్టే. సెలవు దొరికేది ఒక్కసారే అయితే పండగ తేదీతో పాటు ఈ తేదీ కూడా చూసుకుని టికెట్ తీసుకోండి. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు కలిస్తే సరిపోతుంది.

ఇంకా మంచి దారి, ఆరు నెలలు భార్యను అక్కడికి తీసుకెళ్లడం. సూరత్‌లో మనవాళ్లు ఒకే గదిని పగలు షిఫ్టువాళ్లు, రాత్రి షిఫ్టువాళ్లు పంచుకునే మెస్సుల్లో ఉంటారు కాబట్టి విడిగా గది తీసుకోవాలంటే వెనకాడతారు. ఆ అద్దెను ఒక ఐవీఎఫ్ (ల్యాబులో పిండం తయారుచేసి గర్భసంచిలో పెట్టే చికిత్స) బిల్లు పక్కన పెట్టి చూడండి. ఈ మాట చెబితే, మందు రాయకుండా పంపేశారని కొందరు నా మీద అలుగుతారు. అలగనివ్వండి.

అపోహ: లోపం ఉంటే ఆడదానిలోనే ఉంటుంది. "మా వోడికేటి లోపం, రాయిలా ఉన్నాడు" అనే అత్తగారు ప్రతి వారం ఒకరైనా కనిపిస్తారు.

వాస్తవం: సుమారు సగం జంటల్లో మగవారి వైపు కారణం పూర్తిగానో, కొంతవరకో ఉంటుంది. మనిషి బలానికీ వీర్యకణాల సంఖ్యకూ సంబంధం లేదు. కండలు పెంచడానికి జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకున్న కుర్రాళ్లలో వీర్యకణాలు సున్నాకు పడిపోవడం మాకు కొత్త కాదు. ఆపేస్తే చాలామందిలో కొన్ని నెలలకు మళ్లీ వస్తాయి.

వీర్యపరీక్ష మొత్తం వరుసలో చవకైనది, సూది గుచ్చే పని లేనిది. అందుకే భార్యకు ట్యూబుల ఎక్స్‌రే, లాపరోస్కోపీ (పొట్టలోకి కెమెరా పంపి చూడటం) అనే ముందే అది అయిపోవాలి. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి. ఈ మధ్య గట్టి జ్వరం వచ్చి ఉంటే ల్యాబువాళ్లకూ డాక్టరుకూ చెప్పండి. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలల తరువాత చేసే పరీక్షలోనే అసలు సంగతి తెలుస్తుంది. రిపోర్టులో "సరైన ఆకారం 4 శాతం" అని చూసి మిగతా 96 శాతం చెడిపోయాయని ఏడ్చిన మగవాళ్లున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 కొలతల ప్రకారం 4 శాతం ఉంటే చాలు. కణాల సంఖ్య మిల్లీలీటరుకు కోటీ 60 లక్షలు, కదిలేవి 42 శాతం ఉంటే అవీ ఫరవాలేదు. ఒక్క రిపోర్టు బాగాలేదని తీర్పు చెప్పకూడదు, రెండోసారి చేయించాలి.

అపోహ: గర్భసంచి కడిగిస్తే నిలుస్తుంది.

వాస్తవం: నిలవదు. కడగడం అంటున్న డి అండ్ సి, అంటే గర్భసంచి లోపలి పొరను గీకి తీయడం, సంతానానికి చికిత్స కాదు. పదేపదే చేస్తే గర్భసంచి లోపలి పొర దెబ్బతిని గోడలు అతుక్కుపోయే ప్రమాదం కూడా ఉంది. టీబీ అనుమానం ఉంటే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం వేరే సంగతి. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి టీబీ ఒక ముఖ్య కారణం. దాని మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం.

అపోహ: పీసీఓడీ అన్నారు, ఇక పిల్లలు పుట్టరు.

వాస్తవం: పీసీఓడీ అంటే అండాశయం నుంచి అండం క్రమంగా విడుదల కాకపోవడం. ఇంత టెన్షన్ పడాల్సిన జబ్బు కాదది. మిగతా కారణాలతో పోలిస్తే చవగ్గా లొంగేది ఇదే. బరువు ఎక్కువున్నవాళ్లు నూటికి ఐదు నుంచి పది శాతం తగ్గితే చాలామందిలో అండం దానంతటదే విడుదలవుతుంది. తగ్గకపోతే నెలసరి మొదట్లో ఐదు రోజులు వేసుకునే లెట్రోజోల్ మాత్రలు ఉన్నాయి, ఖర్చు వందల్లోనే. వేసుకోవాల్సింది డాక్టరు చూసి చెప్పాకే, మందుల షాపువాడు ఇస్తే కాదు.

అపోహ: ఏఎంహెచ్ తక్కువ వచ్చింది, ఈ నెలలోనే ఐవీఎఫ్ చేయించకపోతే ఇక అంతే.

వాస్తవం: ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష చెప్పేది అండాల నిల్వ గురించి. ఐవీఎఫ్‌లో ఎన్ని అండాలు దొరుకుతాయో అంచనా వేయడానికి అది పనికొస్తుంది. సహజంగా గర్భం వస్తుందో రాదో అది చెప్పలేదు. 2017లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలోనూ, సంతాన సమస్య చరిత్ర లేని స్త్రీలలో ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లకూ మిగతావాళ్లకూ తేడా కనిపించలేదు. వయసు 38 దాటి ఏఎంహెచ్ కూడా తక్కువుంటే తొందరపడటంలో అర్థం ఉంది. 26 ఏళ్ల అమ్మాయిని ఆ ఒక్క అంకె చూపించి భయపెట్టడం నాకు నచ్చదు.

అపోహ: డబ్బు కడితే ఐవీఎఫ్ గ్యారంటీ.

వాస్తవం: రెండు ట్యూబులూ మూసుకుపోయినవాళ్లకు, వీర్యకణాలు మరీ తక్కువున్నవాళ్లకు ఐవీఎఫ్ నిజంగా అవసరం. అలాంటివాళ్లను ఐయూఐల (వీర్యాన్ని శుద్ధిచేసి నేరుగా గర్భసంచిలోకి పంపడం) పేరుతో ఏళ్లు తిప్పడం కూడా డబ్బు తగలేయడమే. ఐయూఐ ఖర్చు వేలల్లో ఉంటుంది. ట్యూబులు తెరుచుకుని ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది, మూడు నాలుగుసార్లు చేసినా రాకపోతే ఆలోచన మార్చాలి.

ఐవీఎఫ్ ప్రైవేటులో ఒక సైకిల్‌కు (ఒక విడత చికిత్సకు) సాధారణంగా లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు. వయసు తక్కువున్నవాళ్లకు కూడా ఒక్క ప్రయత్నంలో ఫలించనివే ఎక్కువ. కాబట్టి చేతిలో ఒక్క సైకిల్‌కు మాత్రమే డబ్బుంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. ప్యాకేజీలో ఇంజెక్షన్లు కలిశాయా, మిగిలిన పిండాలను ఫ్రీజ్ చేస్తే ఏడాదికి ఎంత, రెండోసారి పిండాన్ని గర్భసంచిలో పెట్టడానికి ఎంత అన్నవి కాగితం మీద రాయించుకోండి. ఐవీఎఫ్ లాంటి చికిత్సలను నియంత్రించే 2021 ఏఆర్టీ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్న క్లినిక్కులే ఈ పని చేయాలి. భార్యకు 50, భర్తకు 55 ఏళ్లు దాటితే చేయకూడదు. గ్యారంటీ అనే మాట ఎవరి నోట వచ్చినా లేచి వచ్చేయండి.

అపోహ: ఆయుష్మాన్ కార్డు ఉంది కదా, ఐవీఎఫ్ అందులో అయిపోతుంది.

వాస్తవం: కాదు. సంతాన సాఫల్య చికిత్సలను ఆ పథకం నుంచి మినహాయించారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం సీజీహెచ్ఎస్ అనే వాళ్ల ఆరోగ్య పథకం నిబంధనల్లో సైకిల్‌కు 65,000 రూపాయల వరకు, మూడు సైకిళ్ల దాకా తిరిగి ఇచ్చే వీలుంది, ముందుగా అనుమతి తీసుకోవాలి. కూలికి వెళ్లే జంటకు ఏమీ లేదు. ఇది ప్రభుత్వం దిద్దాల్సిన లోటు. పిల్లలు వద్దనుకునేవాళ్లకు ఆపరేషన్ ఉచితంగా చేసే వ్యవస్థ, కావాలనుకునేవాళ్లకు జిల్లా ఆస్పత్రిలో కనీసం వీర్యపరీక్ష, ట్యూబుల పరీక్ష అయినా నమ్మకంగా చేసి పెట్టాలి.

అపోహ: గర్భం వచ్చినా కాన్పుకు అప్పు చేయాల్సిందే.

వాస్తవం: 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో సిజేరియన్‌తో సహా కాన్పు, మందులు, రక్తం, రానుపోను బండి అన్నీ ఉచితం. సిజేరియన్ అయితే ఏడు రోజుల వరకు భోజనం కూడా ఇవ్వాలి. ఒడిశాలో ఆస్పత్రిలో కాన్పు అయినవాళ్లకు డబ్బిచ్చే జననీ సురక్ష యోజన కింద పల్లెల్లోవాళ్లకు 1,400, పట్టణాల్లోవాళ్లకు 1,000 రూపాయలు వస్తాయి. గర్భిణులకు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మమత పథకం డబ్బు దీనికి అదనం, దానికి అంగన్‌వాడీలో పేరు నమోదు కావాలి. ఇక్కడే మన కోడళ్లకు చిక్కు వస్తుంది. పుట్టిల్లు పాతపట్నంలోనో ఇచ్ఛాపురంలోనో ఉంటుంది, ఆధార్‌లో ఇంకా ఆంధ్రా చిరునామానే ఉంటుంది, మొదటి కాన్పుకు అక్కడికే వెళతారు. నెల తప్పిన వెంటనే ఆశా దీదీని కలిసి, నమోదు ఏ రాష్ట్రంలో చేయించాలో తేల్చుకోండి. తల్లీబిడ్డల కార్డు ఎటు వెళ్లినా వెంట ఉంచుకోండి. ఉచిత కాన్పుకు మాత్రం చిరునామాతో పనిలేదు, ఏ ప్రభుత్వ ఆస్పత్రి అయినా ఇవ్వాల్సిందే.