పాత టర్బో బండికి పవర్ పెంచాలా, కొత్తది కొనాలా: అపోహలు - వాస్తవాలు

పాత డీజిల్ స్విఫ్ట్‌తో మా షెడ్డుకు వచ్చేవాళ్లు తరచూ అడిగేది ఒకటే. "అన్నా, పికప్ లేదు. పెద్ద టర్బో వేద్దామా, అమ్మేసి కొత్తది తీసుకోనా?" టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకా లాంటిది. ముందు బానెట్ ఎత్తనివ్వండి అంటాను.

అపోహ: బండి పాతబడితే పికప్ పోతుంది, అప్‌గ్రేడ్ తప్పదు.

టర్బో నుంచి ఇంజన్‌కు గాలి తీసుకెళ్లే హోస్‌కు చిన్న పగులొచ్చినా బండి లాగదు. యాక్సిలరేటర్ తొక్కితే బుస్సుమంటుంది, వెనక నల్లపొగ వస్తుంది. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకున్నా పికప్ పడిపోతుంది. వీటిని బాగుచేసి ఓ వారం నడపమంటాను. చాలామంది మళ్లీ టర్బో ఊసెత్తరు.

అపోహ: ఎర్టిగా టర్బో తెచ్చి స్విఫ్ట్‌కు బిగిస్తే సరి, ఇంజన్ ఒకటే కదా.

రెండింటిలో ఉన్నది ఫియట్ డిజైన్ చేసిన 1248 సీసీ ఇంజనే, నిజమే. స్విఫ్ట్‌లో దాని పవర్ 75 పీఎస్, మొదటి తరం ఎర్టిగాలో 90. కానీ 90 పీఎస్ దాంట్లో ఉన్నది వీజీటీ అనే రకం టర్బో. లోపలి రెక్కల కోణం అవసరాన్ని బట్టి మారుతుంది, ఎప్పుడు ఎంత మారాలో ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, చెప్పాలి. స్విఫ్ట్ ఈసీయూకు ఆ సంగతే తెలియదు. ఇక రీమ్యాప్, అంటే ఈసీయూలోని సాఫ్ట్‌వేర్ మార్చడం అంటారా, పవర్ పెరుగుతుంది, కానీ ఆ పెరిగిన టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, అరిగిన క్లచ్ జారడం మొదలవుతుంది. ఏకంగా ఇంజనే మారుస్తానంటే ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పాలి.

అపోహ: టర్బో పోయిందంటే టర్బోదే లోపం, కొత్తది వేస్తే అయిపోతుంది.

నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నాను. పని నేర్చుకున్న కొత్తలో ఒకాయన బండికి కొత్త టర్బో వేసి, దానికి ఆయిల్ వెళ్లే సన్నటి పైపును పాతదే ఉంచేశాను. నెల తిరగకుండా బండి లారీ మీద వచ్చింది. పైపు నిండా గట్టిపడిన మడ్డి. చిన్న టర్బోల షాఫ్టు నిమిషానికి రెండు లక్షల చుట్లు కూడా తిరుగుతుంది, దాన్ని నిలబెట్టేది బేరింగులోని పల్చటి ఆయిల్ పొరే. అది కొన్ని క్షణాలు అందకపోయినా బేరింగు అరిగిపోతుంది. ఆ రెండో టర్బో డబ్బులు నా జేబులోంచే పోయాయి లెండి. అప్పటినుంచి పైపు, ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా టర్బో ముట్టుకోను. హైవే మీద గట్టిగా నడిపి వచ్చాక ఇంజన్ వెంటనే ఆపకండి, ఓ నిమిషం అలా తిరగనివ్వండి.

అపోహ: తెలుగు రాష్ట్రాల్లోనూ పదేళ్లకే డీజిల్ బండి తుక్కే.

ఆ పదేళ్ల గొడవ ఢిల్లీ ప్రాంతానిది. మనకు 15 ఏళ్లకు ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్.

అపోహ: కొత్త బండికి టెన్షన్ ఉండదు.

బీఎస్6, అంటే ఇప్పటి కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన డీజిల్ కార్లలో పొగమసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ ఆగకుండా కాసేపు వేగంగా నడవాలి. రోజూ మూడు కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకు మీటర్‌లో లైటు వెలుగుతూనే ఉంటుంది. అలాంటివాళ్లకు పెట్రోల్ తీసుకోమనే చెబుతాను.

మరి పాతది ఎప్పుడు వదిలెయ్యాలి? ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుమని కొడుతూ, ఆయిల్ కూడా తాగుతుంటే అది బోరుకొచ్చినట్టే, అంటే ఇంజన్ సిలిండర్లు లోపల అరిగిపోయినట్టే. దానికి తోడు కింద ఛాసిస్ తుప్పు పట్టి ఉంటే ఇక రూపాయి పెట్టకండి. ఛాసిస్ గట్టిగా ఉంటే మాత్రం కొత్త బండి షోరూంకు వెళ్లేముందు బోరు పనికి ఎంతవుతుందో ఒకసారి అడగండి.