ఆరోగ్యశ్రీ: డబ్బు ముందు, ఆసుపత్రి తరువాత

బకాయిలు చెల్లించడం లేదంటూ తెలంగాణలో 2025 జనవరిలోను, మళ్లీ సెప్టెంబరులోను ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేసినప్పుడు, చర్చంతా ఎన్ని కోట్లు బాకీ అన్న దగ్గరే ఆగిపోయింది. నిజానికి ఈ తగాదా మూలం పథకం పుట్టిన తీరులోనే ఉంది.

2007కు ముందు గుండె ఆపరేషనో, క్యాన్సర్ చికిత్సో అవసరమైన పేద కుటుంబం ఎమ్మెల్యే సిఫారసు లేఖ సంపాదించి ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకునేది. దొరకని వారికి వడ్డీ వ్యాపారే దిక్కు. 1997-98లో పత్తి రైతుల ఆత్మహత్యలతో తల్లడిల్లిన వరంగల్ జిల్లాకు ఆసుపత్రి అప్పు కొత్త సంగతి కాదు.

సహాయనిధికి వెల్లువెత్తిన ఆ దరఖాస్తుల నుంచే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని మొదలుపెట్టి, 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెల్లరేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. మొదట్లో ప్రభుత్వం ప్రీమియం కడితే స్టార్ హెల్త్ బీమా సంస్థ క్లెయిములు చెల్లించేది. 2008 జులైలో చేర్చిన రెండో విడత చికిత్సలకు పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టే నేరుగా చెల్లించసాగింది. క్రమంగా బీమా సంస్థ పూర్తిగా తప్పుకుంది. లాభం పేరిట పోయే సొమ్ము మిగిలిన మాట నిజమే గాని, అప్పటి నుంచి ఖజానా నుంచి నిధుల విడుదల ఆలస్యమైన ప్రతిసారీ ఆ భారం నేరుగా ఆసుపత్రి మీదే పడుతోంది.

ముందస్తు అనుమతి, ఒక్కో చికిత్సకు ఖరారైన ప్యాకేజీ ధర, ఆసుపత్రిలో రోగికి సాయపడే ఆరోగ్యమిత్ర: ఈ ఏర్పాటు శస్త్రచికిత్సలకు చక్కగా అమరింది. బీపీకి, షుగరుకు నెలనెలా వాడే మందులు మాత్రం దాని పరిధికి బయటే ఉండిపోయాయి. పెద్ద స్పెషాలిటీలు ఎక్కువగా హైదరాబాదులోనే ఉండటంతో ఉత్తర తెలంగాణ రోగితోపాటు అతని పేరిట ప్రభుత్వం చెల్లించే సొమ్ము కూడా అటే సాగింది. 1959లో కాకతీయ వైద్య కళాశాల వచ్చిన వరంగల్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎం చుట్టుపక్కల పాత ఉమ్మడి జిల్లాల బరువు మోస్తూనే వచ్చింది. కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే ప్రత్యేకించారు గాని, ఆ మేరకు వసతులు పెరగలేదు.

2017 నాటి కేసీఆర్ కిట్ ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవిస్తే తల్లికే విడతలుగా 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు ఇచ్చింది. డబ్బు ఏ దారిన వెళితే రోగి ఆ దారినే వెళతాడన్నది ఈ రెండు పథకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఆసుపత్రుల విస్తరణ ఆలస్యంగా మొదలైంది. వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021 జూన్ 21న శంకుస్థాపన జరిగింది. మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో 2022లోను, భూపాలపల్లి, జనగామ, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అప్పటికే 5 లక్షలకు చేరిన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు 9న 10 లక్షలకు పెరిగింది. మరుసటి ఏడాది ప్యాకేజీ ధరలనూ సవరించారు. ఈ కొత్త బోధనాసుపత్రులు చేసే ఆరోగ్యశ్రీ చికిత్సలకూ సొమ్ము రావలసింది ఆ ట్రస్టు నుంచే.