పడవను బట్టే ప్రయాణం

చిన్నా, బుజ్జీ,

తాతయ్య ఆశీస్సులు. మే నెలాఖరులో సింధుదుర్గ్ కోట చూసొస్తామని మీరు వేసిన ప్లాన్ మీ అమ్మ పంపింది. టిఫిన్ ఎక్కడ తినాలో కూడా రాశారు గానీ పడవ ఊసే లేదు. ఆ కోట మహారాష్ట్రలో మాల్వణ్ ఊరికి ఎదురుగా సముద్రంలో ఉంది. పడవ తిరగకపోతే ఒడ్డున నిలబడి చూసి రావడమే.

మన విశాఖలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కదా. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు. నైరుతి రుతుపవనాలు నేరుగా ఆ తీరాన్నే కొడతాయి. ఆ కెరటాలకు కోట పడవలు కూడా ఆపేస్తారు. గాలి ముందే తిరిగితే మే చివర్లోనూ ఆగొచ్చు. అందుకే దసరా సెలవులకు మార్చండి. సంక్రాంతికి అంటారేమో, మీ నానమ్మ దగ్గర ఆ మాట ఎత్తకండి! అక్టోబరులో తుఫాను భయం మన వైపు: హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే. చేతిలో ఒకరోజు అదనంగా ఉంచుకోండి.

విశాఖ నుంచి ముంబై లోకమాన్య తిలక్ టెర్మినస్‌కు రైలుంది, ఒక రోజు పైనే పడుతుంది. తర్వాత కొంకణ్ రైలెక్కి కుడాళ్‌లో దిగితే మాల్వణ్ సుమారు 30 కిలోమీటర్లు. కుడాళ్ మీదుగా వెళ్లే తుతారీ ఎక్స్‌ప్రెస్ ముంబైలోని దాదర్ స్టేషన్‌లో అర్ధరాత్రి దాటగానే కదులుతుంది. శనివారం రాత్రి ఎక్కాలంటే టికెట్ ఆదివారం తేదీకి తీయాలి. ఇక్కడ పెద్దవాళ్లే బోల్తా పడతారు. కొంకణ్ రైల్వేకు వానకాలం టైమ్‌టేబుల్ వేరు, అది అక్టోబరులోకీ సాగుతుంది. సరిచూసుకోండి.

ఇక కోట. జంజీరా దీవి కోటను ఏలే సిద్దీలు, గోవా పోర్చుగీసువాళ్లు సముద్రం మీద పెత్తనం చేస్తున్న రోజుల్లో, 1664 నవంబరు 25న, శివాజీ కుర్టే దీవిలో దీనికి పునాది వేయించాడు. పని చూసింది హిరోజీ ఇందుల్కర్. 1667కల్లా పూర్తయింది. పునాది రాళ్లను సీసం పోసి బిగించారట. చుట్టూ నీళ్లలో మునిగి రాళ్లున్నాయి, పెద్ద ఓడలు దగ్గరికి రాలేవు. అందుకే వెళ్లేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి సరంగు చెయ్యి చూడండి, ఏ రాయిని ఎలా తప్పిస్తాడో. తలుపు కోసమూ వెతకండి. రెండు బురుజుల వంపులో దాచారు, బాగా దగ్గరికి వెళ్తే గానీ కనబడదు. శత్రువు ఫిరంగి సూటిగా పేలిస్తే తగిలేది గోడకే.

లోపల పాలబావి, చక్కెరబావి, పెరుగుబావి అని మూడు మంచినీటి బావులున్నాయి. ఉప్పు సముద్రం మధ్యలో ఇదెలా? వాననీరు నేలలోకి ఇంకుతుంది. ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద తేలుతూ నిలుస్తుంది. దీవుల్లో మామూలుగా జరిగేదిదే. మన బీచ్ ఇసుకలో చెలమ తవ్వితే తియ్యటి నీరు ఊరినట్టు. ముట్టడి పడ్డ కోటకు ఫిరంగుల కన్నా ఈ బావులే పెద్ద బలమని నా లెక్క.

సాధారణంగా దించిన పడవే ఓ గంటకు మళ్లీ ఎక్కించుకుంటుంది. 48 ఎకరాల కోటకు గంట ఏ మూలకు! ముందు బావులు, తర్వాత సున్నంలో శివాజీవని చూపించే చేతి, కాలి ముద్రలు, టైముంటే గోడ మీద నడక. ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూసిన మీకు ఇంకో మాట: 2023లో ఆ వేడుక ఈ కోట దగ్గరే జరిగింది.

తేదీలు తేల్చి ఫోన్ చేయండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, దసరా బెర్తులు చూస్తుండగానే అయిపోతాయి.

మీ తాతయ్య